ఊరిపేరు ఎవరి సొత్తు?

ఒక పట్టణపు పేరు రొమ్మున ధరించి ఆడిన జట్టు, ఆ పట్టణపు జనులను ఒక్కమాటయైన అడుగక, మూటముల్లె కట్టుకొని మఱియొక పట్టణమునకు వెడలిపోయినచో దానిని ఏమని పిలువవలెను? వ్యాపారమని కొందఱు సరిపెట్టుకొనుచున్నారు. ద్రోహమని కొందఱు కోపించుచున్నారు. మా యభిప్రాయమున ఇది ద్రోహముకంటెను హీనమైనది. ద్రోహము చేయువాడు ముందొక బంధమున్నదని ఒప్పుకొనును. హైదరాబాదు ఫుట్‌బాలు జట్టును 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలించి, దానికి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యని నామకరణము చేసినవారు అట్టి బంధమొకటి కలదని తలచినట్లే కానరాదు. కుర్చీలు, బల్లలు బండి కెక్కించునట్లు జట్టును ఎక్కించిరి. కుర్చీలను తరలించునపుడు గదిని సెలవడుగువా రెవ్వరు?

కోపమునకు ముందు నిజములు కావలెను గనుక జరిగినది క్రమముగా చెప్పుకొందము. ఇండియన్ సూపర్ లీగు అను వృత్తిక్రీడాకారుల పోటీ 2014లో ఆరంభమైనది. అందు పూనా నగరపు జట్టు ధనాభావమున మూతపడగా, ఖాళీపడిన ఆ స్థానమున 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినది. మొదటి యేడు పట్టికలో కట్టకడపట నిలిచినది. 2020లో స్పెయినుదేశీయుడగు మనోలో మార్కెజ్ శిక్షకుడై వచ్చి, అంతకుముందు పేరు వినబడని పిన్నవాండ్రకు ధైర్యముగా చోటిచ్చి, రెండేండ్లలో వారిని విజేతలుగా నిలబెట్టెను. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్డా మైదానమున కేరళ బ్లాస్టర్సుతో అంతిమపోటీ జరిగినది. ఆట ముగియునప్పటికి ఇరుపక్షములకు చెఱియొక గోలు. పెనాల్టీలలో గోలుకాపరి లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు తన్నుల నాపెను. 3-1 తేడాతో విజయము హైదరాబాదుకు దక్కెను. ఆ యేడు నైజీరియాదేశీయుడగు బార్తొలొమ్యూ ఓగ్బెచే 18 గోలులు చేసి లీగంతటికి అగ్రగణ్యుడాయెను. మఱుసటి యేడు సయితము లీగు పట్టికలో జట్టు రెండవ స్థానమున నిలిచెను.

ఇక పతనమెంత త్వరగా వచ్చినదో చూడుడు. 2023-24 పోటీకాలమున జీతములు అందలేదని క్రీడాకారులును శిక్షకులును మొఱపెట్టుకొన్న సంగతి పత్రికల కెక్కినది. క్రొత్తవారిని చేర్చుకొనరాదని అంతర్జాతీయ సమాఖ్యయగు ఫీఫా నిషేధము విధించెను. విదేశీయులును, పేరుపొందిన స్వదేశీయులును ఒకరి వెనుక నొకరు వెడలిపోయిరి. మిగిలిన పసివాండ్రు, ఓడుదుమని తెలిసియు, ప్రతి వారమును మైదానమునకు దిగిరి. 22 ఆటలలో గెలిచినది ఒక్కటి. కిరీటము ధరించి రెండేండ్లు నిండునప్పటికి జట్టు పట్టిక యడుగున పడియుండెను. 2024లో అది బీసీ జిందాల్ వ్యాపారసంస్థ చేతిలో పడినది. మఱుసటి యేడు ఊరే మారినది. ఆ ఓటముల యేట హైదరాబాదు మానమును కాపాడినవారెవరైన నున్నచో, వారు జీతము రాకున్నను బంతి వెంట పరుగిడిన ఆ కుఱ్ఱలును, పది ఓటముల తరువాత పదునొకండవ యాటకు టిక్కెట్టు కొనినవారును మాత్రమే. జట్టు తరలిపోవునపుడు ఈ యిరుతెగలవారిని అడిగినవారు లేరు.

ఇందలి విపరీతమును మఱియొక వైపునుండి చూడవలయును. మహమ్మారి వ్యాధి కారణమున 2020-21, 2021-22 పోటీలు రెండును ఆసాంతము గోవాలోనే జరిగినవి. అనగా హైదరాబాదు విజేతయైన యేట హైదరాబాదులో ఒక్క యాటయైన జరుగలేదు. క్రికెట్టునందును ఇట్టిదే జరిగినది. 2009లో డెక్కన్ చార్జర్స్ జట్టు ఇండియన్ ప్రీమియర్ లీగును గెలిచినపుడు ఆ పోటీ యంతయు దక్షిణాఫ్రికాలో జరిగెను. 2012లో ఆ ఫ్రాంచైజీయే రద్దయినది. ఈ రెండు కిరీటములును ఇంటికి దూరముగనే వచ్చినవి. తెచ్చిన రెండు జట్లును ఇప్పుడు లేవు. అయినను ఆ రాత్రులందు ఈ నగరపు వీథులలో సంబరపడినవారు అద్దెకు వచ్చినవారు కారు. వారి యానందము నిజము. నిజమైన యానందమును అస్థిరమైన కాగితముపై నిలబెట్టుటయే మన ఫిర్యాదు.

ఆ కాగితమును విప్పి చదువుదము. ఫ్రాంచైజీ యనగా నేమి? లీగు నడుపువాని వద్దనుండి ధనికుడొకడు పోటీలో నొక స్థానమును కొనుక్కొనును. అతడు కొనినది ఆ స్థానమును, ఊరిని కాదు. కాని స్థానమును మాత్రమే చూపినచో టిక్కెట్టు కొనువాడెవడు? కావున దానికొక ఊరిపేరు తగిలింపవలెను. ఈ పేరు అతడు ఎవరివద్దను కొనలేదు. ఎవరికిని వెల చెల్లింపలేదు. ఊరకే తీసికొనెను. ఆ పేరుతో పాటు తాతలనాటి కీర్తి, పేటపేటల పౌరుషము, ప్రక్కయూరితో నున్న పోటీ, బడిపిల్లల కలలు ఉచితముగ వచ్చినవి. వాటితో దుకాణము వెలసినది. లాభము కనబడనినాడు పేరును వీథిలో పాఱవేసి, స్థానమును మాత్రము జేబులో నిడుకొని మఱియొక ఊరికి పయనమాయెను. పూనా పోయి హైదరాబాదు వచ్చినది; హైదరాబాదు పోయి ఢిల్లీ వచ్చినది. ఢిల్లీవారు ఇందుకు సంతసింపవలెనా? వారి డైనమోస్ జట్టు 2019లో భువనేశ్వరమునకు తరలి ఒడిశా ఎఫ్‌సీ యైనది. నిన్న పోగొట్టుకొన్నవాడు నేడు పొందుచున్నాడు. నేడు పొందినవాడు రేపు పోగొట్టుకొనబోవుచున్నాడు. ఈ చదరంగమున కదలుచున్న పావులు నగరములు. ఆడుచున్నవారు వేఱు.

మేము న్యాయవాదవృత్తి చేయువారము గనుక ఆ దృష్టితో రెండు మాటలు చెప్పుదుము. వ్యాపారములందు గుడ్‌విల్ అను ఆస్తి యొకటి కలదు. దుకాణము మారినను కొనుగోలుదారుడు వెదకికొని వచ్చు ఆకర్షణకే ఆ పేరు. ఆ యాకర్షణను వర్తకుడు తన నిజాయితీచేతను శ్రమచేతను సంపాదించును గనుక అది యతని సొత్తని న్యాయస్థానములు ఒప్పుకొనును. ఊరిజట్టున కాకర్షణ యిచ్చినవా రెవరు? నడువబోవు జట్టుకు నడువకమునుపే ప్రేమ నిచ్చిన ఊరివారు. మఱి ఆ యాస్తిలో వారికి పైసా భాగమైన లేకుండుట ఏ న్యాయము? 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము తొమ్మిదవ సెక్షను చూడుడు. సరకు వచ్చిన స్థలమును సూచించు మాట మాత్రమే గల గుర్తును, వాడుకచేత ప్రత్యేకప్రసిద్ధి కలిగిననే తప్ప, నమోదు చేయరాదని అందు కలదు. ఊరిపేరు అందఱిదియు గనుక ఏ యొక్కనికిని గుత్తకు పోరాదనుట దాని వెనుక నున్న ధర్మము. సబ్బులకును, సరకులకును వర్తించు ఈ ధర్మము ఊరి పౌరుషమునకు వర్తింపకుండుట వింత.

హైదరాబాదు పేరు ఫుట్‌బాలునందు ఊరక వెలగల పేరు కాలేదు. దానిని సంపాదించినవారు ఉన్నారు. బడిపంతులగు సయ్యద్ అబ్దుల్ రహీం 1950 మొదలు 1963లో చనిపోవువఱకు ఇటు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకును, అటు భారతదేశపు జట్టుకును శిక్షకుడుగా నుండెను. పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచినది. 1950లో మోహన్ బగానును ఓడించి డ్యూరాండు కప్పును తెచ్చినది. హైదరాబాదు రాష్ట్రపు జట్టు 1956, 1957 పోటీలందు సంతోష్ ట్రోఫీని గెలిచినది. 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు దానిని మరల తెచ్చినది. రహీం శిక్షణలో భారతదేశము 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఏషియా క్రీడలలో స్వర్ణపతకముల గెలుచుకొనినది. జకార్తాలో కొరియాను 2-1 తేడాతో ఓడించినాటికి రహీం శ్వాసకోశపు పుట్టకురుపుతో కృశించుచుండెను. తొమ్మిది నెలలకు కన్నుమూసెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి భారతదేశము నాలుగవ స్థానము నందినది. ఆ జట్టులో బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ మొదలగువారు ఈ జంటనగరముల మైదానములలో ఆడి యెదిగినవారే.

సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరామును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. 1957లో కలకత్తా ఈస్టు బెంగాలు జట్టు అతనిని తీసికొనిపోయినది. 2023 ఫిబ్రవరిలో చనిపోవునప్పటికి అతడు వంగదేశమున స్థిరపడిన వృద్ధుడు. రహీము తరువాత మన యాటగాండ్రను కలకత్తా కొనిపోయినదని మనవారు నేటికిని నిందింతురు. కాని కలకత్తావా రేమి చేసిరి? ఒక్కొక్క యాటగాని కొనిపోయిరి, అందుకు వెల చెల్లించిరి, జీవితాంతము నెత్తిన పెట్టుకొనిరి. నేటివారు జట్టుకు జట్టే కొనిపోయిరి. చెల్లించినది ఊరికి శూన్యము.

పోలీసు జట్టు కాలము స్వర్ణయుగమని, ఆనాటి పద్ధతియే మరల రావలయునని మేము వాదించుటలేదు. అది ప్రభుత్వశాఖ జట్టు. ఉద్యోగమే ఆటగానికి ఆధారము. శ్రద్ధగల యధికారి యున్నంతకాలము వెలిగినది, శ్రద్ధ సన్నగిల్లగనే వాడినది. అందును జనులకు అధికారము లేదు. అయినను ఒక్క విషయమున అది నేటి జట్టుకంటె మేలు. హైదరాబాదు సిటీ పోలీసును కొని ఢిల్లీ సిటీ పోలీసుగా మార్చుట ఎవరి తరమును కాదు. జట్టు ఓడవచ్చును, ముసలిదికావచ్చును, మఱుపున పడవచ్చును. అమ్ముడుపోవుట మాత్రము లేదు.

బాస్కెట్‌బాలునందు కథ మఱింత పొట్టిది. యూబీఏ యను వృత్తిలీగు 2015లో ఆరంభమై, హైదరాబాద్ స్కై యను పేర మన నగరమునకును ఒక జట్టును కల్పించెను. 2017 తరువాత ఆ పోటీ లేదు. ఆ జట్టు పేరు నేడు గుర్తున్నవారు ఎందఱు? కళాశాలల ఆవరణలలో సిమెంటు గచ్చుపై సాయంకాలము బంతి తట్టుచున్న బాలబాలికలు వేనవేలు ఉన్నారు; వారికి పైన చూచుటకు నిలకడగల మెట్టొకటి లేదు. మొలక లేనిచో విత్తనమును నిందింపవచ్చును. మొలచినదానిని ఏటేట పెఱికి మఱియొక మడిలో నాటుచు, ఇచ్చటి నేల మంచిది కాదనుట ఏమి వ్యవసాయము?

ఇక ఎదుటిపక్షమువారి వాదములు విందము. మొదటి వాదము: ధనము పెట్టినవాడు నష్టపడుచుండగా ఊరిపేరు కొఱకు కూర్చుండవలెనా? కూర్చుండనక్కఱ లేదు. నష్టపడినవాడు అమ్ముకొని పోవచ్చును. ఆ స్వేచ్ఛను మేము కాదనము. కాని కౌలుదారుడు నష్టపడినచో పొలము విడిచిపోవును. పొలమును చాపవలె చుట్టి చంకన పెట్టుకొని పోడు. ధనము పెట్టినవాడు తన ధనమును కొనిపోవుగాక. పేరు, రంగులు, చిహ్నము, గెలుపుల చరిత్ర, పిల్లల జట్లు ఊరికి విడిచిపోవలెను. 2022 నాటి విజయము హైదరాబాదు చరిత్రయా, ఢిల్లీ చరిత్రయా? ఢిల్లీవారు దానిని తమదని చెప్పుకొననొల్లరు. హైదరాబాదులో చెప్పుకొనుటకు జట్టు లేదు. ఒక కిరీటము తల లేక గాలిలో వ్రేలాడుచున్నది.

రెండవ వాదము: ప్రేక్షకులు రాలేదు, రానివారికి ఫిర్యాదు ఏల? ఇందు కొంత నిజము లేకపోలేదు గాన సూటిగ బదులు చెప్పుదుము. జట్టు ఇంటి మైదానము గచ్చిబౌలి. అది నగరపు పడమటి కొననున్న క్రొత్త పేట. ఫుట్‌బాలు పుట్టిపెరిగిన సికిందరాబాదు, బొల్లారము, బర్కాసు మొదలగు పేటలకు అది పరదేశము వంటిది. పని దినములలో రాత్రి ఏడున్నరకు ఆరంభమగు ఆటకు బర్కాసునుండి పిల్లవాని వెంటబెట్టుకొని పోయి, అర్ధరాత్రికి ఇల్లు చేరుట ఎంత కష్టమో ఆ త్రోవ నడచినవారికి తెలియును. దీనికి తోడు మొదటి రెండు విజయసంవత్సరములు జట్టు కంటికి కానరాలేదు. కానవచ్చిన పిమ్మట ఒక్క యేడు గడచునప్పటికి జీతముల గొడవ. ఐదారేండ్లలో ఊరిలో స్థిరముగ నున్నది ఎన్ని నెలలు? ప్రేమకు నెలల లెక్క చాలదు. తరముల లెక్క కావలెను. అయినను దక్కన్ లీజన్ అను పేర కొందఱు యువకులు జెండాలతో, డప్పులతో, ఓటమికాలమునందును మైదానమునకు వచ్చుచుండిరి. వారు కొలదిమందియే కావచ్చును. వేయిమంది అడిగిననే న్యాయము, నూఱుమంది అడిగిన అన్యాయమని ఏ చట్టమునందును లేదు.

మూడవ వాదము గొప్పవారిది: దేశమున నిన్ని కష్టములుండగా ఆటలను గూర్చి సంపాదకీయపు పుటలో వాదులాట ఏల? వారికి మా మనవి యిది. ఊరివారందఱును కులము, మతము, భాష, ధనము మఱచి ఒక్కచోట కూర్చుండి, ఒక్క సంగతికి దుఃఖించి, ఒక్క సంగతికి సంతసించు స్థలములు నేటి మన నగరములలో ఎన్ని మిగిలినవో లెక్కింపుడు. ఉరుదూ మాటలాడు బర్కాసు ముసలివాడును, తెలుగు మాటలాడు కూకటిపల్లి గుమాస్తాయు, అరవము మాటలాడు సికిందరాబాదు రైల్వే ఉద్యోగియు ఒకే బంతిని చూచి ఒకే క్షణమున లేచి నిలువబడుదురు. రహీము జట్టులో బలరాం ఆడినపుడు ఎవరు ఎవరివాడని అడిగినవారు లేరు. ఇట్టి స్థలమును పోగొట్టుకొనుట చిన్న నష్టము కాదు.

పరదేశములందు ఏమి చేసిరో చూతము. అమెరికాలో సియాటిల్ నగరమునకు సూపర్‌సోనిక్సు అను బాస్కెట్‌బాలు జట్టు 1967 మొదలు ఉండెను. 1979లో ఆ దేశపు విజేతయాయెను. 2006లో ఓక్లహోమా నగరపు ధనికులు దానిని కొని, 2008లో తమ ఊరికి తరలింపబూనిరి. సియాటిల్ నగరపాలకులు ఏడ్చుచు కూర్చుండలేదు. క్రీడాశాల కౌలు 2010 వఱకు ఉన్నదని వ్యాజ్యము వేసిరి. జట్టును నిలుపలేకపోయిరి గాని, పరిహారముగ నాలుగున్నర కోట్ల డాలర్లు రాబట్టిరి. జట్టు పేరును రంగులును సియాటిల్ కొఱకే నిలిపి యుంచునట్లు ఒప్పించిరి. కాగితమున ఒక షరతు ఉన్నందున కలిగిన ఫలమిది.

ఇంగ్లాండులో వింబుల్డన్ ఫుట్‌బాలు జట్టు 1988లో లివర్‌పూలును ఓడించి ఎఫ్.ఏ. కప్పు గెలిచినది. 2002లో దానిని మిల్టన్ కీన్సు పట్టణమునకు తరలించుటకు అనుమతి లభించెను. అభిమానులేమి చేసిరి? ఆ వేసవిలోనే తామే చందాలు వేసికొని ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను క్రొత్త జట్టును స్థాపించిరి. దేశపు ఫుట్‌బాలు నిచ్చెనలో తొమ్మిదవ మెట్టున ఆరంభించి, మెట్టు మెట్టుగ నెక్కి, 2011లో వృత్తిలీగున చేరిరి; 2020లో తమ పాత పేటయగు ప్లౌ లేనునందు సొంత మైదానమునకు తిరిగివచ్చిరి. జర్మనీలో 1998 నుండి ఒక నియమము కలదు: కొన్ని మినహాయింపులు తప్ప, క్లబ్బు ఓట్లలో సగముకంటె ఎక్కువ సభ్యులవద్దనే యుండవలెను. ధనికుడు ధనము పెట్టవచ్చును. కాని ఊరిని కొనలేడు.

దూరదేశములమాట యేల? కలకత్తానే చూడుడు. 1889లో పుట్టి, 1911లో తెల్లవారి పటాలపు జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిన మోహన్ బగాను 2020లో ధనావసరముచేత ఒక వ్యాపారజట్టుతో కలిసి, ఆ జట్టుపేరు తన పేరునకు ముందు తగిలించుకొనినది. అభిమానులు ఒప్పుకొనలేదు. ఆ యక్షరములను తొలగింపుడని మైదానమునందును వీథులందును మూడేండ్లు విడువక అడిగిరి. 2023లో ఆ పేరు తొలగినది. యజమాని ఒకడే, ధనము అదే. మారినది జనుల పట్టుదల ముందు యజమాని మనస్సు. మన హైదరాబాదు అభిమాని కలకత్తా యభిమానికంటె హీనుడా? హీనుడు కాడు, ఒంటరివాడు. అచ్చట క్లబ్బునకు సభ్యులు కలరు. ఇచ్చట టిక్కెట్టు కొనువారు మాత్రమే కలరు.

కావున మేము కోరునది యేమనగా: మొదటిది, ప్రభుత్వమును గూర్చినది. గచ్చిబౌలి మైదానము 2003లో ఆఫ్రో-ఏషియా క్రీడలు జరిగిన చోటు. 2024 సెప్టెంబరులో అంతర్జాతీయపు ఇంటర్‌కాంటినెంటల్ కప్పునకును, ఆ యేటి డిసెంబరులో సంతోష్ ట్రోఫీ అంతిమపోటీకిని వేదికయైనది. అది ప్రజాధనముతో కట్టినది. ఇట్టి మైదానమును ఏ వృత్తిజట్టునకిచ్చినను ఒప్పందమున ఈ షరతులు వ్రాయవలెను: ఊరిపేరు వాడినచో, తరలుటకు ముందు ఒక యేడు బహిరంగముగ ప్రకటింపవలెను, ఆటగాండ్ర జీతములకు బ్యాంకు హామీ ముందే చూపవలెను, తరలినచో పేరు, రంగులు, చిహ్నము, బాలుర జట్లు నగరమునకు చెందవలెను. ఆ యొప్పందమును ఎవరైనను చదువుటకు వీలుగ ప్రకటింపవలెను.

రెండవది, సమాఖ్యను గూర్చినది. అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య 2010లో వాణిజ్యభాగస్వామితో పదునైదేండ్లకు చేసికొన్న ఒడంబడిక 2025 డిసెంబరుతో ముగిసెను. దాని వెనుకటి సంగతి తేలకపోవుటచేత ఆ యేటి లీగు వేళకు ఆరంభము కాలేదు. అన్ని జట్ల అభిమానులును ఆ నెలలందు దిక్కుతోచక యుండిరి. 2025లో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడాపరిపాలన చట్టమున సమాఖ్యల పాలనయందు క్రీడాకారులకు చోటు కల్పింపబడినది, అది మేలు. ప్రేక్షకునికి చోటు లేదు. ఒక జట్టు ఊరు మారుటకు అనుమతి నిచ్చునపుడు, విడువబడు ఊరి అభిమానులను పిలిచి వినవలెనను ఒక్క నియమము చేయుటకు ఎవరి సొమ్ము వ్యయమగును?

మూడవది, మనలను గూర్చినది, అన్నిటికంటె ముఖ్యమైనది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము క్రింద ఏడుగురు కూడినచో సంఘమును నమోదు చేయవచ్చును. జెండా పట్టు యువకులు జెండాతో పాటు రసీదుపుస్తకమును పట్టవలెను. సంఘమునకు నియమావళి, సభ్యుల పట్టిక, చందా, లెక్కలు ఉండవలెను. రేపు మఱియొక ధనికుడు హైదరాబాదు పేరు తగిలించుకొని వచ్చినపుడు, మా సంఘమునకు పాలకవర్గమున ఒక స్థానము, పేరుపై వీటో ఇచ్చిననే మా కంఠములు మీవని చెప్పగలిగిన దినమున మాత్రమే మన కంఠములకు వెల. నమోదైన సంఘము న్యాయస్థానపు గడప నెక్కగలదు, మూక ఎక్కలేదు.

అంతవఱకు అభిమానమును ఎచ్చట నిలుపవలెను? మాంచెస్టరులో జట్టు ఓడిన రాత్రి అన్నము తినని మన యువకుడు బర్కాసు మైదానమున ఒక సాయంకాలపు ఆట నెన్నడైన చూచెనా? రహీము పేరిట నగరమున జరుగు లీగు ఎచ్చట జరుగుచున్నదో, ఏ జట్టు గెలిచినదో చెప్పగలడా? శ్రీనిధి డెక్కన్ జట్టు 2022-23, 2023-24 పోటీలందు వరుసగా రెండేండ్లు ఐ-లీగున రెండవ స్థానమున నిలిచి, విజేతకు మాత్రమే పైలీగున ప్రవేశమను నియమముచేత రెండుమార్లును గడప దగ్గఱ ఆగినది. ఆ రెండేండ్లును నగరమున ఎందఱకు ఆ సంగతి తెలిసినది? డబ్బుతో వచ్చు జట్టు కొఱకు ఆకసమువైపు చూచుటచేత కాలిక్రింది మైదానము మనకు కానరాకున్నది. ఆ మైదానములు ఒక్కొక్కటిగ వాహనముల నిలుపుచోట్లుగను, పెండ్లిపందిళ్లుగను మాఱుచున్నవి. మైదానములు పోయిన పిమ్మట సంఘము పెట్టినను, షరతులు వ్రాసినను, ఆడుటకు పిల్లవాడు దొరకడు.

ఊరిపేరు ఎవరి సొత్తను ప్రశ్నకు మా సమాధానము స్పష్టము. అది ఆ పేరుతో ఆడినవారిదియు, ఆ పేరును కేకవేసినవారిదియు. యజమానులు వచ్చుచు పోవుచు నుందురు; వారు అద్దెకున్నవారు. ఇంటివారు తలుపు తీసిపెట్టి నిద్రించినచో అద్దెకున్నవాడు గుమ్మపు చెక్కలు సయితము ఊడదీసికొని పోవుటలో ఆశ్చర్యమేమున్నది? హైదరాబాదు సికిందరాబాదు నగరములందలి క్రీడాభిమానులారా! పోయిన జట్టును గూర్చి మీరు పడిన దుఃఖము గౌరవింపదగినది. కాని దుఃఖము వ్యాజ్యమునకు చాలదు. ఏడుగురు కూడుడు. పేర్లు వ్రాయుడు. రసీదు చింపుడు. ఈ ఆదివారము మీ పేటలో జరుగు ఆటను చూడుడు.